మెనోలీని మన తీరానికి పిలిపించండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో ఒక పట్టపుపాలెంలో పుట్టి పెరిగినదాన్ని. ఇప్పుడు కావలిలో హైస్కూలు పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. పౌర గ్రంథాలయాలు మీ శాఖ కిందే ఉన్నాయి గనక ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. నా మనవి ఒక రచయిత్రి గురించి, ఆవిడ కథలోని మెనోలీ అనే అమ్మాయి గురించి. ఆ రచయిత్రి పేరు ఆన్ మెకాఫ్రీ, డ్రాగన్ల కథలు రాశారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జి ఊళ్ళో 1926 ఏప్రిల్ 1న పుట్టారు. అంటే 2026 ఆవిడ శతజయంతి సంవత్సరం.

డ్రాగన్ అనగానే మనకు పేపర్లో చైనా వార్తో, బజారులో డ్రాగన్ పండో గుర్తొస్తుంది. ఇంగ్లీషు కథలు చదివినవాళ్ళకైతే అదొక రాకాసి. నిధి మీద పడుకుంటుంది, ఊళ్ళు తగలబెడుతుంది, ఆఖరికి ఎవరో వీరుడి చేతిలో చస్తుంది. మెకాఫ్రీ డ్రాగన్లు మనుషులను కాపాడతాయి. మనసుతో మాట్లాడతాయి. గుడ్డు పగిలి బయటికి రాగానే, చుట్టూ నిలబడ్డ పిల్లల్లో ఒకరిని తామే ఎంచుకుంటాయి. ఆ ఇద్దరి మధ్య ముడి ఇక చచ్చేదాకా విడిపోదు.

ఇది మాయల మంత్రాల కథ అనుకుంటారేమో, సైన్సు కథేనండీ. పెర్న్ అని ఒక గ్రహం. భూమి నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ స్థిరపడతారు. ఆ ఆకాశంలో ఒక ఎర్రచుక్క ఉంటుంది. సుమారు రెండు వందల ఏళ్ళకోసారి అది దగ్గరికొస్తుంది. అప్పుడు యాభై ఏళ్ళ పాటు పైనుంచి వెండి దారాల్లాంటివి రాలుతూ ఉంటాయి. అవి నేల మీద పడితే పైరు మిగలదు, పశువు మిగలదు, మనిషి మిగలడు. గాల్లో ఉండగానే కాల్చెయ్యాలి. అందుకని అక్కడే ఉండే చిన్న నిప్పుబల్లుల జన్యువులు మార్చి, మనిషిని మోసేంత జంతువులను పుట్టిస్తారు. అవే డ్రాగన్లు. వాటి నోట్లోంచి మంట ఎట్లా వస్తుందన్న దానికి కూడా ఆవిడ లెక్క చెప్పారు. డ్రాగన్ ఫాస్ఫీన్ అనే మండే వాయువునిచ్చే రాయిని నమిలి మింగుతుంది. కడుపులో తయారైన వాయువు బయటికొచ్చి గాలి తగలగానే భగ్గుమంటుంది. మా పిల్లలకు తొమ్మిదో తరగతిలో రసాయన శాస్త్రం మొదలుపెట్టేటప్పుడు నేను ఈ రాయి దగ్గరే మొదలుపెడతాను. ఒక్కరు కూడా కిటికీ బయటికి చూడరు.

దారాలు రాలని కాలం మరీ ఎక్కువైనప్పుడు పెర్న్ జనం ఆ సంగతే మరిచిపోతారు. డ్రాగన్లను పోషించడం దండగంటారు. పాత పాటల్లో దాచిపెట్టిన హెచ్చరికలు మాత్రం పిల్లల నోళ్ళల్లో బతికే ఉంటాయి. అది చదువుతున్నప్పుడు నాకు 2004 డిసెంబరు 26 గుర్తొచ్చింది. ఆ ఉదయం సునామీ మన నెల్లూరు, ప్రకాశం తీరాలను కూడా కొట్టింది. తుపాను గాలి వాసన పట్టగలిగిన మా పెద్దవాళ్ళ దగ్గర సునామీకి ఒక పాట లేదు, ఒక సామెత లేదు. ఎటు పరుగెత్తాలో చెప్పే మాట ఒక్కటీ వాళ్ళ తాతలు వదిలిపోలేదు.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆవిడ 1976లో రాసిన 'డ్రాగన్‌సాంగ్'. చెన్నైలో ఒక పాత పుస్తకాల కుప్పలో, అట్ట చిరిగిపోయి దొరికింది. రైల్లో మొదలుపెట్టాను. కావలి వచ్చినా దిగబుద్ధి కాలేదు.

అందులో అమ్మాయి పేరు మెనోలీ. సముద్రం ఒడ్డున చేపలు పట్టి బతికే ఊరు. తండ్రి ఆ ఊరికి పెద్ద. పిల్లకేమో పాటంటే ప్రాణం. ఊళ్ళో ముసలి పాటల పంతులు ఆ పిల్లలో ఉన్నదేమిటో కనిపెట్టి నేర్పుతాడు. ఆయన చనిపోయాక కొత్త పంతులు వచ్చేదాకా చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది కూడా ఈ పిల్లే. అయినా సొంత బాణీ కట్టిందని తండ్రి బెల్టుతో కొడతాడు. ఆడపిల్ల పాటలు కట్టడం ఇంటికి అప్రదిష్ట అంటాడు. కొన్నాళ్ళకు చేపలు కోస్తుంటే కత్తి జారి అరచెయ్యి తెగుతుంది. ఆ చేప జిగురు విషం. చెయ్యి చీము పట్టి, మానినా వేళ్ళు సరిగా ముడుచుకోవు. ఆ చేత్తో ఇక వాయించడం కుదరదులే అని తల్లే తేల్చేస్తుంది.

అయ్యా, నేను ఇక్కడ పుస్తకం మూసేశాను. మా అమ్మ కుడి చెయ్యి కళ్ళముందు కొచ్చింది.

మా అమ్మ చేపల గంపతో ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఒక తెల్లారుజామున జెల్లలు ఏరుతుంటే మొప్ప పక్కనుండే ముల్లు బొటనవేలి కింద దిగబడిపోయింది. మోచేతి దాకా వాచింది. మూడు రోజులు వేణ్ణీళ్ళల్లో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నాలుగో రోజు గంప ఎత్తింది. ఆ వేలు ఈ రోజుకీ పూర్తిగా వంగదు. ఇంకో సంగతి. అలివి వల లాగేటప్పుడు మా మగవాళ్ళు పాడే పాటలన్నీ అమ్మకు వచ్చు. వాళ్ళు చరణం మరిచిపోతే ఇంట్లో పొయ్యి దగ్గర తను అందుకునేది, లోగొంతుకతో. ఒడ్డున నలుగురిలో పాడమని ఆమెను ఎవరూ అడిగింది లేదు.

ఆ రాత్రి అమ్మకు మెనోలీ కథ చెప్పాను. తల్లి మాట దగ్గరికొచ్చేసరికి అమ్మ తన బొటనవేలు చూసుకుంటూ, "కన్నతల్లే అట్టనిందా మే? ఆ పిల్ల ఏం జేసింది మరి?" అంది.

ఆ పిల్ల ఇల్లు వదిలేస్తుందండీ. సముద్రం ఒడ్డున ఒక గుహలో తలదాచుకుంటుంది. పోటు వచ్చి నిప్పుబల్లి గుడ్లు కొట్టుకుపోబోతుంటే తల్లి బల్లికి సాయపడి వాటిని పైకి చేరుస్తుంది. మా ఇసుకలో కూడా చలికాలం తాబేళ్ళు గుడ్లు పెడతాయి. నీళ్ళు అందని చోటికి వాటిని మార్చడం మా పాలెం పిల్లలకు తెలుసు. ఆ గుడ్లు పగిలి వచ్చినవాటిలో తొమ్మిది నిప్పుబల్లులు మెనోలీవి అవుతాయి. ఆమె పాడితే అవీ గొంతు కలుపుతాయి. ముసలి పంతులు చనిపోకముందు ఈ పిల్ల కట్టిన రెండు పాటలను, పాటల పంతుళ్ళందరికీ పెద్ద అయిన గురువుకు పంపి ఉంటాడు. కట్టిందెవరో తెలియక ఆ గురువు వెతుకుతూనే ఉంటాడు. ఆఖరికి ఆ పిల్ల ఎదురుగా నిలబడ్డప్పుడు... అది మీరు చదవాలి, నేను చెప్పను.

ఇది రాసినావిడ బతుకు కూడా చిన్నదేం కాదు. సైన్సు కథలకిచ్చే పెద్ద బహుమతులు రెండు, 1968లో హ్యూగో అవార్డు, ఆ మరుసటేడు నెబ్యులా అవార్డు అందుకున్నారు. కథారచనకు ఈ రెండూ పొందిన మొట్టమొదటి మహిళ ఆవిడే. సైన్సు కథలంటే మగవాళ్ళు మగవాళ్ళకు రాసుకునేవన్న రోజులవి. పెళ్ళి విడిపోయాక 1970లో పిల్లలతో ఐర్లండు వెళ్ళి, రాతతోనే సంసారం ఈదారు. తర్వాత అక్కడ కట్టుకున్న ఇంటికి డ్రాగన్ల పేరే పెట్టుకున్నారు. 1978లో వచ్చిన 'ది వైట్ డ్రాగన్' న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ల జాబితాకెక్కింది. అందులో డ్రాగన్ పేరు రూత్. పుట్టుకతో పొట్టి, రంగు తెలుపు, బతకదనుకున్న గుడ్డులోంచి వచ్చింది. అంతకు ముందు 1961లో ఇంకో కథ రాశారు. ఒళ్ళు సహకరించని పసిబిడ్డ మనసు ఒక అంతరిక్ష నౌకకు ప్రాణమై, పాడుతూ చుక్కల మధ్య తిరుగుతుంది. వెనక పడ్డవాళ్ళనే ఆవిడ ముందుకు తెచ్చి కూర్చోబెట్టారు. 2011 నవంబరు 21న ఐర్లండులోనే కన్నుమూశారు.

ఇక నా మనవి. మా వైపు శాఖా గ్రంథాలయాల్లో ఈవిడ పుస్తకం కోసం వెతికాను, ఒక్కటీ దొరకలేదు. ఒకచోట అడిగితే, "పోటీ పరీక్షల పుస్తకాలకే బీరువాలు చాలట్లేదమ్మా, డ్రాగన్ల కథలు ఎవరడుగుతారు" అన్నారు. ఆయన తప్పేం లేదు. తెలుగులో పుస్తకం చేతిలో ఉంటేనే కదా పిల్లలు అడిగేది. మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతున్నది. అందులో కొంచెం ఈ పనికి కేటాయించండి. హక్కుదారుల అనుమతి తీసుకుని, 'డ్రాగన్‌సాంగ్'ను మంచి అనువాదకుల చేత తెలుగు చేయించండి. మెనోలీ చేపలు కోసే చోట మా వాళ్ళు వాడే మాటలే పడాలి, అందుకు అనువాదకులు నాలుగు రోజులు మా ఒడ్డున కూర్చుంటే బాగుంటుంది. అచ్చయ్యాక ముందుగా కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా ఉన్న తీర మండలాల గ్రంథాలయాలకు, హైస్కూళ్ళకు పంపండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎట్లాగూ జరుపుతాం. ఆ మర్నాడే ఆవిడ వర్ధంతి. ఆ ఒక్క సాయంత్రం ఆడపిల్లల చేత ఈ కథ పైకి చదివించండి.

2023 జూలై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 లేచినప్పుడు మా పిల్లలంతా డాబా ఎక్కి దక్షిణం వైపు చూస్తూ నిలబడ్డారు. ఒక పిల్ల అడిగింది, "మేడం, అక్కడికి పోయినాక మనోళ్ళు ఏ పాటలు పాడుకుంటారు?" అని. ఆ ప్రశ్నకు మెకాఫ్రీ పుస్తకాల్లో జవాబుంది. ఆ పిల్లకు ఇంగ్లీషు అంత రాదు.

నేను అనువాదకురాలిని కాను. అమ్మకు చెప్పడం కోసం రాసుకున్న నాలుగు లాంగ్ నోటు పుస్తకాలు నా దగ్గరున్నాయి. అందులో చేపల మాటలు, వల మాటలు అమ్మ దిద్దింది. మీరు ఎవరికి ఈ పని అప్పగించినా వాళ్ళకు అవి ఇచ్చేస్తాను. కథలో రెండో భాగం ఇంకా సగమే రాశాను. రోజూ అన్నాలయ్యాక అమ్మ చాప పరుచుకుని, "మెనోలీ దగ్గిరికొచ్చింది, చెప్పు మే" అంటుంది.

ఇట్లు,
విధేయురాలు,
బోగోలు మండలం, నెల్లూరు జిల్లా