పులిని కాల్చడానికి పక్క రాష్ట్రం నుంచి వేటగాళ్లను పిలిపించడం ఆపండి

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి
శ్రీ భూపేందర్ యాదవ్ గారికి,

నమస్కారం.

మాది ఆదిలాబాద్ జిల్లా. పెన్‌గంగ దాటితే మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా వస్తుంది. అక్కడి తిప్పేశ్వర్ అభయారణ్యంలో చోటు చాలని పులులు నది దాటి మా భీంపూర్, తాంసి మండలాల పత్తి చేలల్లోకి వస్తుంటాయి. పులి భయం అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2020 నవంబరులో పక్కనున్న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో నెల తిరగకుండానే ఇద్దరు పులి దాడిలో చనిపోయారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి ఏరడానికి వెళ్లిన యువతి ప్రాణం పోయింది. అందుకే ముందే ఒక మాట చెబుతున్నాను. మనుషులను చంపుతున్న జంతువును ఏమీ చేయొద్దని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు.

మేము అడిగేది ఒక్కటే. అలాంటి జంతువును చంపక తప్పని పరిస్థితి వస్తే, ఆ పనిని వేరే రాష్ట్రం నుంచి రప్పించిన ప్రైవేటు వేటగాళ్లకు అప్పగించకండి.

అవని అనే ఆడపులి విషయం మీకు తెలుసు. అధికారుల లెక్కలో దాని పేరు టీ1. యవత్మాల్ జిల్లా పాండర్‌కవడా ప్రాంతంలో రెండేళ్లలో 13 మంది మరణాలకు అదే కారణమన్నారు. ముందు మత్తు ఇచ్చి పట్టుకోవాలి, అది కుదరకపోతేనే కాల్చాలి అన్నది అటవీ శాఖ ఆదేశం. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశంలో జోక్యం చేసుకోలేదు. ట్రాప్ కెమెరాలు, ఏనుగులు, కుక్కలు, చివరికి అత్తరు వాసన ఎర కూడా ప్రయత్నించారు. ఆ ఏనుగుల్లో ఒకటి గొలుసు తెంచుకుని వెళ్లి ఒక మహిళను చంపింది కూడా. ఇవన్నీ అయ్యాక నవంబరు 2 రాత్రి పులిని కాల్చి చంపారు. కాల్చింది మహారాష్ట్ర అటవీ ఉద్యోగి కాదు. మా హైదరాబాద్ నుంచి పిలిపించిన వేటగాడి కుమారుడు. అనుమతి తండ్రికి ఉంది, తుపాకీ పేల్చింది కొడుకు.

పులి తమ మీదికి దూకిందని, ప్రాణాలు కాపాడుకోవడానికే కాల్చామని వాళ్లు చెప్పారు. మీరు అధ్యక్షులుగా ఉన్న జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నియమించిన కమిటీయే ఆ మాటల మీద సందేహాలు లేవనెత్తింది. ఆ రాత్రి బృందంలో పశువైద్యుడు లేడు. 24 గంటల్లోపు వాడాల్సిన మత్తు మందు అప్పటికి 56 గంటల పాతది. ఆయుధాల చట్టం, పశువైద్య మండలి చట్టం, మీ సంస్థ మార్గదర్శకాలు అన్నీ ఉల్లంఘనకు గురయ్యాయని ఆ నివేదికే చెప్పింది. అవని పిల్లలకు అప్పటికి పది నెలలు. వాటిలో ఆడపిల్లను డిసెంబరులో పట్టుకుని పెంచ్ పులుల అభయారణ్యానికి తరలించారు. 2021లో అడవిలోకి వదిలాక కొద్ది రోజులకే మరో పులితో పోరులో గాయపడి అదీ చనిపోయింది.

ఒక అటవీ ఉద్యోగి ఇలా చేసి ఉంటే శాఖాపరమైన విచారణ, సస్పెన్షన్, చార్జిషీటు ఉండేవి. బయటి నుంచి వచ్చిన వేటగాడికి అవేమీ వర్తించవు. పని అయ్యాక ఆయన తన ఊరికి వెళ్లిపోతాడు. ఏ వాగు పక్కన ఏ పులి తిరుగుతుందో, దాని చారలు ఎలా ఉంటాయో, దానికి పిల్లలున్నాయో లేదో తెలిసినవాళ్లు మాత్రం అక్కడే ఉంటారు. వాళ్లు బీట్ ఆఫీసర్లు, వాచర్లు. చేతిలో లాఠీ తప్ప ఏమీ లేకుండా రాత్రంతా అడవిలో తిరిగేది వాళ్లే. ఇంత పెద్ద నిర్ణయంలో ఎవరూ వాళ్ల మాట అడగకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అది ఒక్కసారి జరిగిన విషయమే అయితే ఇంతగా రాసేవాణ్ని కాదు. అంతకు ముందు 2016లో బిహార్‌లోని మోకామాలో నీల్‌గాయిలను కాల్చడానికి కూడా హైదరాబాద్ నుంచే షూటర్లు వెళ్లారు. 200కు పైగా చచ్చాయి. అవి పంటలు మేసే జంతువులు, క్రూరమృగాలు కావు. అయినా పద్ధతి మాత్రం ఇదే. రాష్ట్రం దగ్గర సొంత మనుషులు లేకపోవడం, ఊళ్లో కోపం పెరగడం, అధికారుల మీద ఒత్తిడి రావడం, దూరం నుంచి వేటగాణ్ని పిలిపించడం.

బయటి వేటగాడు కాల్చకుండానే పని జరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2022 అక్టోబరులో అదే బిహార్‌లో, వాల్మీకి పులుల అభయారణ్యం దగ్గర తొమ్మిది మందిని చంపిన పులిని చివరికి కాల్చింది ఆ రాష్ట్ర పోలీసు షూటర్లే. 2024లో యూపీలోని బహ్రాయిచ్‌లో తోడేళ్లు పిల్లల్ని ఎత్తుకుపోతుంటే జనం రాత్రుళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. పట్టుకోలేకపోతే కాల్చమని ఆదేశాలు వచ్చాయి. అయినా ఆరు తోడేళ్ల గుంపులో ఐదింటిని అటవీ శాఖ ప్రాణాలతోనే పట్టుకుంది. మా తెలుగు నేల సంగతి చెప్పాలంటే, 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఎలుగుబంటి రైతును చంపి, మరికొందరిని గాయపరిచింది. దానికి మత్తు ఇచ్చి పట్టుకున్నారు. విశాఖ జూకు తీసుకెళ్తుండగా దారిలో చనిపోయింది. అది మంచి ఫలితం కాదు. కానీ అక్కడ కొరత తుపాకీ కాదు, ముందే సిద్ధంగా ఉండాల్సిన వైద్య బృందం.

ఇక చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మనుషులకు ప్రమాదకరంగా మారిన షెడ్యూల్ 1 జంతువును, అంటే పులి లాంటి అత్యధిక రక్షణ ఉన్న జంతువును, చంపడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు రాతపూర్వకంగా, కారణాలు చూపి, ఎవరికైనా అనుమతి ఇవ్వవచ్చు. పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, వేరే చోటికి తరలించడం సాధ్యం కాదని ఆయన నమ్మాలి. ఈ షరతు బాగానే ఉంది. ఎవరికి ఇవ్వాలన్న చోటే తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ అనుమతి శిక్షణ పొందిన ప్రభుత్వ సిబ్బందికి మాత్రమే ఇవ్వాలని, పశువైద్యుడు లేనిదే బృందం కదలకూడదని నిబంధన పెట్టండి. ఎందుకు చంపాల్సి వస్తోందో, అంతకు ముందు పట్టుకోవడానికి ఏమేం చేశారో తెలిపే ఉత్తర్వును అదే రోజు ప్రజల ముందు పెట్టించండి.

సరిహద్దు జిల్లాల సంగతి ప్రత్యేకంగా చూడాలి. ఒకే పులి పొద్దున తెలంగాణలో, సాయంత్రం మహారాష్ట్రలో ఉండవచ్చు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, యవత్మాల్, చంద్రపూర్ జిల్లాలకు కలిపి ఒక ఉమ్మడి స్పందన బృందం, ఒకే కెమెరా సమాచారం, ఒకే బాధ్యుడైన అధికారి ఉండాలి. దాంతోపాటు, చనిపోయినవారి కుటుంబానికి పరిహారం ఆఫీసుల చుట్టూ తిప్పకుండా అందాలి. పత్తి ఏరే రోజుల్లో కూలీలు గుంపులుగా చేలకు వెళ్లేలా, వాచర్లు వాళ్ల వెంట ఉండేలా ఏర్పాటు చేయాలి. ప్రభుత్వం తమ పక్కన ఉందని జనానికి నమ్మకం కుదిరితే, వేటగాణ్ని పిలవమనే ఒత్తిడి సగం తగ్గుతుంది.

మా దగ్గర పత్తి ఏరడం అక్టోబరులో మొదలవుతుంది. కనీసం ఈ నాలుగు జిల్లాల బృందమైనా ఆ లోపు పని మొదలుపెట్టేలా రెండు రాష్ట్రాల అటవీ శాఖలను కూర్చోబెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఆదిలాబాద్ జిల్లా వాసి