నికోటిన్ ఒక్కటే కొలిస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

షుగర్ చూసుకునే మెషీన్ లాంటి చిన్న పరికరంతో పొగాకులో ఏముందో కొలిచే ప్రయత్నాలు జరుగుతున్నాయి. పొగాకును నానబెట్టిన ద్రావణం ఒక చుక్క స్ట్రిప్ మీద వేసి, దానిలోని ఎలక్ట్రోడ్‌కు (కరెంటు పారే చిన్న కొనకు) వోల్టేజీ ఇస్తే నికోటిన్ ఎలక్ట్రాన్లను వదులుతుంది, వచ్చే కరెంటును బట్టి అది ఎంతుందో తెలిసిపోతుంది. ఇదే పని ల్యాబ్‌లో, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే క్రొమటోగ్రఫీ యంత్రాలతో చేయాలంటే శాంపిల్ పంపి రిపోర్టు కోసం ఎదురుచూడాలి. నికోటిన్ లేదని లేబుల్ వేసిన ఈ-సిగరెట్ ద్రవాల్లో కూడా నికోటిన్ దొరికిన సందర్భాలున్నాయి కాబట్టి, తనిఖీకి వెళ్లినవాళ్ల చేతిలో ఇలాంటిది ఉండాల్సిందే.

కానీ మొత్తం నికోటిన్ ఎంతో చెప్పి ఊరుకుంటే సగం సంగతి దాచినట్టే. నమిలే పొగాకులో క్షార గుణం పెరిగేకొద్దీ నికోటిన్ నోటి లోపలి పొర గుండా తేలిగ్గా రక్తంలోకి వెళ్తుంది. క్షార గుణం ఎంతో చెప్పే అంకె పీహెచ్ 7 దగ్గర అలా వెళ్లగలిగే రూపంలో సుమారు 10 శాతమే ఉంటే, 8 దగ్గర సగం, 9 దగ్గర 90 శాతం ఉంటుంది. అంటే రెండు ప్యాకెట్లలో నికోటిన్ సమానంగానే ఉన్నా, ఒకటి మనిషిని రెండోదాని కన్నా చాలా గట్టిగా పట్టేయగలదు. పీహెచ్‌ని కొలిచేది కూడా ఎలక్ట్రోడే కదా, రెండూ ఒకే పరికరంలో ఎందుకు పెట్టకూడదు?

మా పెదనాన్న ఏళ్ల తరబడి పొగాకు నమిలి నోటి క్యాన్సర్‌తో పోయారు, అందుకే ఇంతగా అడుగుతున్నాను. పొగాకులో ఉండే ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే రసాయనాలు (నైట్రోసమైన్లు) మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. నికోటిన్ గ్రాముకు మిల్లీగ్రాముల్లో ఉంటే ఇవి మైక్రోగ్రాముల్లో ఉంటాయి, పైగా పొగాకులోని ఫినాల్స్ లాంటి వేరే రసాయనాలు కూడా ఎలక్ట్రోడ్ మీద స్పందించి లెక్కను గందరగోళం చేస్తాయి, కాబట్టి వీటి విషయంలో చిన్న పరికరం అనుమానం వరకే చెప్పాలి, నిర్ధారణ ల్యాబే చేయాలి. సీసం, కాడ్మియం లాంటి లోహాలకు మాత్రం వాటిని ఎలక్ట్రోడ్ మీద పేర్చి మళ్లీ కరిగిస్తూ కొలిచే పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

ఇంకొక్క మాట. ఫిల్టర్‌కు సన్నటి రంధ్రాలు పెట్టడం వల్ల పొగను కొలిచే యంత్రాల్లో తక్కువ తారు (పొగలోని జిగట పదార్థం) చూపించిన సిగరెట్లను ‘లైట్’ అని అమ్మారు, తాగేవాళ్లేమో ఆ రంధ్రాలను వేళ్లతో, పెదాలతో మూసేసి ఇంకా లోతుగా పీల్చారు. ఈ సెన్సార్ల అంకెలు కూడా అలా ప్రకటనల్లోకి ఎక్కకూడదు. పరికరం తయారు చేసేవాళ్లు తెర మీద ‘సురక్షితం’ అనే మాట ఎప్పటికీ రాకుండా చూడాలి, ఏ పొగాకు కంపెనీ ఆ రీడింగును ప్యాకెట్ మీద వేసుకోకుండా నియమం పెట్టాలి.

ఇట్లు,
మీ పాఠకుడు