మెమోలో 7.55 సరైనదే బిడ్డా

బిడ్డకు నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే మీ అమ్మ ఫోన్ తీసేసుకుంది, నేను చెప్పాల్సింది సగంలోనే ఆగిపోయింది. అయినా ఇవి కాగితం మీద పెట్టుకుని చూడాల్సిన లెక్కలు, ఫోన్‌లో తేలవు. మిల్లు నుంచి వచ్చి అన్నం తిని, నీ రెండు సెమిస్టర్ల ఫలితాల ప్రింట్లు, మీ జేఎన్టీయూ యూనివర్సిటీ ఆర్22 రెగ్యులేషన్ల (అంటే మీ బ్యాచ్‌కు వర్తించే నియమాల) కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

“నా లెక్క ప్రకారం 1-1లో (మొదటి ఏడాది మొదటి సెమిస్టర్‌లో) 8.22 రావాలి, వాళ్ళు 7.55 వేశారు” అన్నావు. నీకు 8.22 ఎలా వచ్చిందో చూశాను. తొమ్మిది గ్రేడ్ పాయింట్లు కూడావు, 74 వచ్చింది, తొమ్మిదితో భాగించావు. భాగహారం సరిగ్గానే చేశావు. కానీ ఎస్జీపీఏని, అంటే ఒక సెమిస్టర్ గ్రేడ్ పాయింట్ల సరాసరిని, అలా కట్టరు.

పదో తరగతిలో అలాగే కట్టేవాళ్ళు కాబట్టి నీకు అదే గుర్తుండిపోయి ఉంటుంది. అప్పుడు ఆరు సబ్జెక్టులు, ఆరింటికీ సమానమైన విలువ. నీకు ఐదింట్లో పది, ఒకదాంట్లో తొమ్మిది వచ్చాయి. 59ని ఆరుతో భాగిస్తే 9.8. ఇంజినీరింగ్‌లో అన్ని సబ్జెక్టులకూ ఒకే విలువ ఉండదు. ఒక్కోదానికి ఎన్ని క్రెడిట్లో, అంటే లెక్కలో దాని బరువెంతో, పక్కనే వేసి ఉంటుంది, దాన్ని నువ్వు వదిలేశావు.

మా మిల్లు లెక్కే చెప్తాను. 100 క్వింటాళ్ళ దొడ్డు వడ్లు 2,300 చొప్పున, 10 క్వింటాళ్ళ సన్నాలు 2,500 చొప్పున కొన్నామనుకో. సరాసరి 2,400 అని ఖాతాలో రాస్తే షావుకారు నన్ను ఆ రోజే ఇంటికి పంపిస్తాడు. మొత్తం పెట్టిన డబ్బు 2,55,000, మొత్తం సరుకు 110 క్వింటాళ్ళు, సరాసరి 2,318. ఎస్జీపీఏలో క్రెడిట్లే క్వింటాళ్ళు, గ్రేడ్ పాయింటే రేటు.

ఇప్పుడు నీ 1-1 చూడు. గణితం 4 క్రెడిట్లు, నీకు బీ, అంటే 6 పాయింట్లు, రెండూ గుణిస్తే 24. కెమిస్ట్రీ 4 క్రెడిట్లు, బీ ప్లస్, 7, 28. ప్రోగ్రామింగ్ 3 క్రెడిట్లు, ఏ, 8; 24. ఎలక్ట్రికల్ 2 క్రెడిట్లు, అక్కడా 8, 16. గ్రాఫిక్స్ 3 క్రెడిట్లు, 7, 21. ఇక్కడిదాకా 16 క్రెడిట్లకు 113. మిగిలిన నాలుగూ ఒక్కో క్రెడిటువి: ఎలిమెంట్స్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్‌లో 9, కెమిస్ట్రీ ల్యాబ్‌లో 10, ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో 10, ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో 9. ఆ నాలుగూ కలిపి 38. మొత్తం 151. ఇరవై క్రెడిట్లతో భాగిస్తే 7.55. ఫలితాల్లో వచ్చింది అదే.

నీకు పదులు, తొమ్మిదులు వచ్చినవన్నీ ఒక్క క్రెడిటు సబ్జెక్టులే. ఆ నాలుగూ కలిస్తే ఒక్క గణితంతో సమానం. ల్యాబుల్లో బాగా చేశావని నాకు సంతోషమే, రికార్డులు ఎంత శుభ్రంగా రాస్తావో నాకు తెలుసు. కానీ పరీక్షల ముందు వారమంతా రికార్డులకే పోయిందని నువ్వే అన్నావు. గణితంలో బీ బదులు బీ ప్లస్ వచ్చి ఉంటే నాలుగు పాయింట్లు పెరిగి 7.75 అయ్యేది. ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో తొమ్మిది పదైతే పెరిగేది ఒక్క పాయింటు, అంటే 7.60. సమయం దేనికి ఎక్కువ పెట్టాలో నువ్వే చూసుకో.

ఇక గ్రేడ్ల సంగతి. 90 గానీ ఆపైన గానీ వస్తే ఓ, పది పాయింట్లు. 80ల్లో ఉంటే ఏ ప్లస్‌కి తొమ్మిది, 70ల్లో ఏకి ఎనిమిది, 60ల్లో బీ ప్లస్‌కి ఏడు, 50ల్లో బీకి ఆరు, 40ల్లో సీకి ఐదు. ఆ కింద ఎఫ్, సున్నా. 60 వచ్చినవాడికీ 69 వచ్చినవాడికీ ఒకటే ఏడు. 70 వచ్చినవాడికి ఎనిమిది. ఈ పద్ధతి నాకు అంతగా నచ్చలేదు. పేపర్ దిద్దే మనిషిని బట్టి రెండు మూడు మార్కులు అటూ ఇటూ అవుతాయి కాబట్టి గ్రేడ్లే నయమని పెద్దలు అంటారు. నిజమే, కానీ అంచు మీద ఉన్న పిల్లలకు ఆ రెండు మార్కులే కదా ప్రాణం మీదికి వచ్చేది. 1-2లో నీకు ఫిజిక్స్‌లో వచ్చినవి 69. అది నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు. నువ్వు ఏడవాల్సి వస్తే దాని గురించి ఏడవాలి, 8.22 గురించి కాదు.

రీవాల్యుయేషన్‌కి దరఖాస్తు పెడతానన్నావు. డబ్బులకు నేను వెనకాడను. కానీ రీవాల్యుయేషన్‌లో పేపర్ మళ్ళీ దిద్దుతారు, ఎస్జీపీఏ లెక్క సరిచూడరు. లెక్కలో తప్పు లేదు కాబట్టి అన్ని పేపర్లకూ పెట్టడం దండగ. ఫిజిక్స్ ఒక్కదానికి పెడితే అర్థం ఉంది. గ్రేడు బీ ప్లస్ నుంచి ఏకి మారితే 1-2 మొత్తం పాయింట్లు 145 నుంచి 149 అవుతాయి, ఎస్జీపీఏ 7.25 నుంచి 7.45కి వస్తుంది. 64 వచ్చిన సబ్జెక్టుకు పెట్టి మూడు మార్కులు తెచ్చుకున్నా గ్రేడు మారదు.

సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్లూ కలిపిన సరాసరి, కూడా ఇలాంటిదే. రెండు సెమిస్టర్ల పాయింట్లు 151, 145 కలిపితే 296. నలభై క్రెడిట్లతో భాగిస్తే 7.40. మీకు సెమిస్టర్‌కు ఇరవై క్రెడిట్ల చొప్పున నాలుగేళ్ళకు 160 కాబట్టి ఎస్జీపీఏలను నేరుగా సరాసరి తీసినా అదే వస్తుంది. క్రెడిట్లు సెమిస్టర్‌కో రకంగా ఉండేచోట అలా రాదు. పర్యావరణ శాస్త్రం, రాజ్యాంగం లాంటి మాండేటరీ కోర్సులకు క్రెడిట్లు సున్నా కాబట్టి అవి లెక్కలోకి రావు, కానీ పాస్ కాకపోతే డిగ్రీ రాదు. వాటిని తేలిగ్గా తీసుకోకు.

మీ రూమ్మేట్ గణితం పోయిందని తిండి మానేసిందన్నావు కదా. ఆమెకు ఇది చెప్పు. ఫెయిలైన సబ్జెక్టు క్రెడిట్లు కింద భాగించే సంఖ్యలో ఉంటాయి, పైన మాత్రం సున్నా పడుతుంది. నీకే గణితం పోయి ఉంటే 151లో 24 పోయి 6.35కి పడేది. కానీ అది శాశ్వతం కాదు. సప్లిమెంటరీలో పాసైతే ఆ సున్నా తీసేసి కొత్త గ్రేడుతో మళ్ళీ కడతారు. ఆలస్యం చేయకుండా రాసేయమను.

నువ్వు పెట్టుకున్న గురి 8.0 అంటున్నావు. సాధ్యమా అని లెక్క కట్టి చూశాను. 160 క్రెడిట్లకు ఎనిమిది చొప్పున 1,280 పాయింట్లు కావాలి. చేతిలో 296 ఉన్నాయి. మిగతా 984 ఆరు సెమిస్టర్ల 120 క్రెడిట్లలో రావాలి, అంటే సరాసరిన 8.20. కష్టపడితే వస్తుంది. 8.5 కావాలంటే మాత్రం ప్రతి సెమిస్టర్‌లోనూ 8.87 దాకా తేవాలి, అది నేను నీ మీద పెట్టను. ఫస్ట్ క్లాస్‌కు 6.5 చాలు, దానికి సెమిస్టర్‌కు 6.2 వచ్చినా సరిపోతుంది. ఇంకో సంగతి, 2-1లో తొమ్మిది తెచ్చుకున్నావనుకో, సీజీపీఏ 7.40 నుంచి ఒక్కసారిగా 7.93 అవుతుంది. అదే ఏడు సెమిస్టర్లూ 7.40లోనే ఉండి, ఆఖరి సెమిస్టర్‌లో తొమ్మిది తెస్తే 7.60 దగ్గరే ఆగిపోతుంది. ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు, సెమినార్ కలిపి 11 క్రెడిట్లున్నాయి, అప్పుడు చూసుకుందామని మీ సీనియర్లు అంటారు. వినకు.

శాతం సంగతి కూడా చెప్పేస్తాను, మీ మేనమామ “74 శాతమా” అని ఇప్పటికే అందరికీ చెప్పేశాడు. హైదరాబాద్ జేఎన్టీయూ సూత్రం ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. నీకు 69 శాతం. 6.5కి సరిగ్గా 60 రావడం అందుకే.  9.5తో గుణించేది సీబీఎస్ఈ పదో తరగతికి ఒకప్పుడు పెట్టిన పద్ధతి, బీటెక్‌కి పనికిరాదు. కంపెనీల దరఖాస్తుల్లో శాతం అడిగితే యూనివర్సిటీ సూత్రంతో వచ్చిందే రాయి. ఎక్కువ రాసి తర్వాత సర్టిఫికెట్ల దగ్గర దొరికిపోతే పరువు పోతుంది, ఉద్యోగమూ పోతుంది.

ఎంఎస్ మాట ఎత్తావు. అమెరికాలో నాలుగు పాయింట్ల స్కేలు అని 7.40ని పదితో భాగించి నాలుగుతో హెచ్చించి 2.96 అని భయపడకు. విదేశీ చదువుల మార్కులను అక్కడి పద్ధతిలో లెక్కగట్టే వెస్ (WES) లాంటి సంస్థలు ఒక్కో సబ్జెక్టు గ్రేడును విడివిడిగా చూసి వాళ్ళ పద్ధతిలోకి మారుస్తాయి. దానికి ఇంకా చాలా సమయముంది.

2-1 సబ్జెక్టుల క్రెడిట్ల పట్టిక ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. మూడు, నాలుగు క్రెడిట్లవి ఏవో చూసి, వాటికి పుస్తకాలు కొనాలంటే ముందే చెప్పు, కోఠి నుంచి తెప్పిస్తాను. ఫిజిక్స్ రీవాల్యుయేషన్ పెట్టాలో వద్దో గడువు దాటకముందే తేల్చుకో, ఫీజు పంపిస్తాను. మేనమామకు 69 అని నేనే చెప్తాలే. అమ్మ సకినాలు చేసింది, మిర్యాలగూడ బస్సులో వచ్చే మనిషి చేత పంపుతున్నాం, రూమ్మేట్‌కి కూడా పెట్టు.

ఇట్లు,
నాన్న