ఈ ఏడు మన సంఘం పని: ఫైలు పట్టుకొని వెంట పోవుడు

సభ్యులందరికీ నమస్తే. ఎప్పుడూ బతుకమ్మ ఖర్చుతోటి మొదలుపెడ్తం, ఈసారి అది రిజిస్టర్‌ల ఉంది, మీటింగుకొచ్చి చూస్కోండ్రి. క్యాన్సరొచ్చిన ఆడోళ్లకు తోడు పోయే పని గురించే ఎక్కువ రాస్తున్న.

దీన్ని పేషెంట్ నావిగేటర్ అంటరట, 1990లో న్యూయార్క్ హార్లెంల డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ మొదలుపెట్టిండు. మన దేవరకొండ దిక్కు తండాల్ల ఆ పేరెవలికి నోరు తిరుగుతది, మన వాలంటీర్లను ‘ఫైలక్క’ అంటున్నరు, మాకూ అదే నచ్చింది.

ఒకామెకు రొమ్ముల రేగ్గాయంత గడ్డ, నొస్తలేదు కదా అని పత్తి ఏరుడు అయిపోయేదాంక ఎవలికీ చెప్పలే. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలె అని ఆశా అక్కతోని కలిసి ఎన్నిసార్లు చెప్పినమో. నల్గొండల ఒక ల్యాబుల బయాప్సీ చేయించి రిపోర్టు కాయితం పట్టుకొని హైదరాబాద్ పెద్దాసుపత్రికి పోతే, అక్కడ స్లైడ్లు, మైనం బ్లాకు (గడ్డకెళ్లి తీసిన ముక్కను మైనంల పెట్టి దాచేది) ఏదమ్మా అన్నరు, మల్ల హార్మోన్ పరీక్షలు దానిమీదనే చెయ్యాల్నట. ఆ ల్యాబోళ్లు ఇయ్యలే, మేమూ అడగలే, మల్ల వంద కిలోమీటర్లు ఎనక్కొచ్చినం. అప్పటిసంది రిపోర్టుతోపాటు బ్లాకు చేతికొచ్చేదాంక ఫైలక్క కౌంటర్ కాడికెళ్లి కదుల్తలేదు.

ఆరోగ్యశ్రీ 10 లక్షల దాంక ఉంది గానీ ఆధార్‌ల ఒక పేరు, రేషన్ కార్డుల ఇంకో పేరుంటే అక్కడ్నే ఆగిపోతది, మా టైమంత ఆ మీసేవ లైన్లనే పోయింది. మహాలక్ష్మి బస్సు ఫ్రీనే, వెంటొచ్చే మొగోళ్లకు టికెటే. రేడియేషన్ అయితే వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలు, రోజూ పోయొచ్చుడు ఎవలితోని గాదు. హైదరాబాద్‌ల ఉన్న మన సభ్యులు కొందరు రూములిచ్చిండ్రు, వాళ్లకు దండం.

మా తప్పొకటి చెప్పాలె. ఒకామె కీమో తేదీ తప్పింది, 21 రోజులకోసారి పోవాలె, ఫోన్ కొడుకు దగ్గరుంటది, మేము ఆయనకు చేస్తిమి, ఆయన మిర్యాలగూడల పనిమీదుండి ఇంట్ల చెప్పనే లేదు. ఇప్పుడు తేదీ ఇంటి గోడ మీదనే సుద్దముక్కతోని రాస్తున్నం, పక్కింటోళ్లకు గూడ చెప్తున్నం.

వచ్చే ఏడుకు లంబాడీ భాష వచ్చిన అక్కలు ఇద్దరన్నా కావాలె, వారంల ఒక దినం ఇస్తే సాలు. పేర్లు మీటింగు నాడు సెక్రటరీకి ఇయ్యుండ్రి, పొద్దుగాల ఫస్ట్ బస్సుకు లేవగలిగినోళ్లయితే ఇంకా మంచిది.