సీ డ్రైవ్ నిండి పని ఆగిపోతే ఆదుకున్న మాస్టారికి కృతజ్ఞతలు

మా షాపు వెనక సందులో ఉండే మాస్టారికి నలుగురి ముందూ థ్యాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. ఆయన పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటూ రిటైరయ్యారు. పేరు రాయొద్దమ్మా అన్నారు, అందుకే రాయడం లేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఈపాటికే పోల్చుకుని ఉంటారు.

మాది ఫొటో స్టూడియో, దానికి ఆనుకునే డీటీపీ. మా ఆయన ఫొటోలు, వీడియోలు తీస్తారు. ఆల్బమ్ డిజైన్లు, ఫ్లెక్సీలు, శుభలేఖలు నేను చూసుకుంటాను. సరిగ్గా పెళ్ళిళ్ళ సీజన్‌లో సిస్టంలో సీ డ్రైవ్, అంటే విండోస్, ప్రోగ్రాంలు ఉండే డిస్కు, నిండిపోయి దాని గీత ఎర్రబడింది. 238 జీబీలో రెండు జీబీ కూడా మిగల్లేదు. ఫొటోషాప్ తెరిస్తే స్క్రాచ్ డిస్కులు (అది పనికి వాడుకునే చోటు) నిండిపోయాయని చెప్పి ఆగిపోతోంది. బయట బెంచీ మీద పెళ్ళికూతురి నాన్నగారు ఆల్బమ్ కోసం కూర్చుని ఉన్నారు. రిపేరు తెలిసినవాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే మాట: ఫార్మాట్ కొట్టేద్దాం, అంటే డ్రైవ్ మొత్తం చెరిపేసి విండోస్ మళ్ళీ ఎక్కిద్దాం అని.

డీటీపీ షాపులో ఫార్మాట్ అంటే ఏమిటో ఈ పని చేసేవాళ్ళకి తెలుసు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ మళ్ళీ ఎక్కించాలి, తెలుగు కొట్టడానికి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఎక్కించాలి, ఏళ్ళ తరబడి చేర్చుకున్న ఫాంట్లన్నీ తిరిగి పెట్టుకోవాలి. ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా వాడే యూనికోడ్ రాకముందు పద్ధతిలో తయారైన ఫాంట్లు అవి. ఒక్క ఫాంటు తప్పిపోయినా దానిలో కొట్టిన పాత శుభలేఖ తెరిస్తే తెలుగు అక్షరాల బదులు అర్థంకాని గుర్తులు వస్తాయి. ఆ టెన్షన్‌తో నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. మా షాపులో పనిచేసే అబ్బాయి, "అక్కా, మన మాస్టారిని ఒకసారి పిలుద్దామా" అన్నాడు. వాడికీ నా కృతజ్ఞతలు.

మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నాక మొదట చేసిన పని ఏదీ తీసెయ్యడం కాదు. "ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్ళిళ్ళు ఎన్ని ఉన్నాయమ్మా?" అని అడిగారు. వాటి ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేయించారు. కాపీ అయిందనుకుని ఊరుకోలేదు, అక్కడొకటి ఇక్కడొకటి తెరిచి చూశారు. ఆ తర్వాతే చెత్త సంగతి ఎత్తారు. అప్పటికే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

విన్‌డిర్‌స్టాట్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. డ్రైవ్ మొత్తం చదివి, ఏ ఫైలు ఎంత చోటు తింటోందో రంగు రంగుల గళ్ళలో చూపిస్తుంది. పెద్ద ఫైలుకి పెద్ద గడి. ఆ బొమ్మ ముందు నన్ను కూర్చోబెట్టి, ఒక్కో పెద్ద గడి మీద మౌస్ పెట్టి ఒకటే ప్రశ్న అడిగారు: "ఇది పోతే మళ్ళీ దొరుకుతుందా?" ఆ ప్రశ్నతోనే మా పనంతా అయిపోయింది.

అన్నిటికన్నా పెద్ద గడి టెంప్ ఫోల్డర్‌లో, అంటే ప్రోగ్రాంలు తాత్కాలికంగా ఫైళ్ళు పెట్టుకునే చోట ఉంది. ఫొటోషాప్ టెంప్ అని మొదలై అంకెలతో ముగిసే ఫైళ్ళు, కలిపితే 30 జీబీ పైనే. ఫొటోషాప్ పనిచేస్తున్నంతసేపూ డిస్కు మీద కొంత చోటు వాడుకుంటుంది, స్క్రాచ్ అంటే అదే. టైలరు గుడ్డ కత్తిరించే బల్ల లాంటిది. పని అయ్యాక మూసేస్తే బల్ల అదే ఖాళీ చేస్తుంది. కానీ మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ కూడా ఆదుకోకపోతే ఆ ఫైళ్ళు అలాగే ఉండిపోతాయి. ఫ్లెక్సీ పని చేసే చోట ఒక్కొక్కటీ పెద్దదే. ఫొటోషాప్ పూర్తిగా మూసి అవన్నీ తీసేశాం. మళ్ళీ దొరకక్కర్లేనివి కదా. తర్వాత స్క్రాచ్‌ని డీ డ్రైవ్‌కి మార్చారు. ఫొటోషాప్ తెరుచుకోకపోయినా ఫరవాలేదు, దాన్ని స్టార్ట్ చేస్తూ కంట్రోల్, ఆల్ట్ రెండూ నొక్కి పట్టుకుంటే ఆ సెట్టింగ్ ముందే వస్తుందని చూపించారు. ఆ కిటుకు తెలిస్తే అలా ఆగిపోయిన షాపులు ఎన్నో ఆ పూటకి బయటపడతాయి.

రెండోది మా ఆయన వీడియోల వల్ల చేరింది. వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాం ప్రీమియర్‌లో ఏ వీడియో దింపినా అది త్వరగా నడవడానికి మీడియా కాష్ అని కొన్ని సహాయక ఫైళ్ళు తయారుచేసుకుంటుంది. అసలు వీడియో డీ డ్రైవ్‌లో ఉన్నా ఈ కాష్ మాత్రం సీ డ్రైవ్‌లోనే పేరుకుంటుంది, మనం మార్చకపోతే. డెలివరీ ఇచ్చేసిన పెళ్ళిళ్ళ కాష్ కూడా అలాగే ఉంది. అసలు వీడియో ఉంటే కాష్ మళ్ళీ తయారవుతుంది, అందుకని ఆలోచించకుండా తీసెయ్యొచ్చు. అక్కడ 20 జీబీకి పైగా వచ్చింది.

ఇక విండోస్ డాట్ ఓల్డ్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోవడంతో మేమూ 11కి మారాం. మారినప్పుడు పాత విండోస్ మొత్తాన్ని ఆ ఫోల్డర్‌లో దాచి ఉంచుతుంది, నచ్చకపోతే వెనక్కి వెళ్ళడానికి. పది రోజులు దాటితే మామూలుగా అదే తీసేస్తుంది. మాకు ఇంకా ఆ గడువు అయిపోలేదు. అది తీస్తే ఒకేసారి 20 జీబీ దాకా వస్తుంది, నేనైతే తీసెయ్యమనేదాన్నే. మాస్టారు ఆగమన్నారు. ముందు పేజ్‌మేకర్ తెరిపించారు, అనులో నాలుగు లైన్లు కొట్టించారు, ప్రింటర్ మీద ఒక కాగితం తీయించారు, ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ చూశారు. అన్నీ పనిచేస్తున్నాయని తేలాకే, సెట్టింగ్స్‌లో స్టోరేజీలోకి వెళ్ళి టెంపరరీ ఫైల్స్ దగ్గర దాన్ని టిక్ పెట్టి తీయించారు.

ఆ జాబితాలోనే ఒకచోట నా చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేశారు. అందులో డౌన్‌లోడ్స్ అనే పేరు కూడా ఉంటుంది. టెంపరరీ అన్న శీర్షిక కింద ఉంది కదా అని దానికి టిక్ పెడితే ఫోల్డర్‌లో ఉన్నదంతా పోతుంది. మా షాపులో డౌన్‌లోడ్స్ అంటే కస్టమర్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, శుభలేఖ మ్యాటర్లు, బ్యానర్ కోసం ఇచ్చిన లోగోలు. ఒకే ఫొటో చివర 1, 2 అని నాలుగైదు కాపీలు ఉన్నమాట నిజమే. అయినా అది మెషీన్ తీసెయ్యాల్సింది కాదు, మనం కూర్చుని ఏరుకోవాల్సింది అన్నారు. ఆ ఫోల్డర్‌ని మొత్తంగా డీ డ్రైవ్‌కి మార్చి, ఇకమీదట వచ్చేవి కూడా అక్కడే పడేలా పెట్టారు.

ఇప్పుడు రాయబోయేదే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. డెస్క్‌టాప్ మీద పెద్దవాళ్ళు అని ఒక ఫోల్డర్ ఉంది. డెస్క్‌టాప్ మీద పెట్టిన ప్రతిదీ సీ డ్రైవ్‌లోదే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే ఫ్రేమ్ కట్టించడానికి మా దగ్గరికే వస్తారు. ఆధార్ కార్డు మీది స్టాంపు సైజు ఫొటోనో, ఎప్పటిదో పెళ్ళిలో గుంపులో తీసిన ఫొటోనో పట్టుకొస్తారు. దాన్ని స్కాన్ చేసి, మొహం మీద గీతలు పోగొట్టి, పెద్దది చేసి ఇస్తాను. సంవత్సరీకానికి మళ్ళీ వస్తారు, వర్ధంతి ఫ్లెక్సీకి మళ్ళీ వస్తారు. చాలామంది దగ్గర ఆ అసలు ఫొటో ఈలోగా తడిసో, చిరిగో పోయి ఉంటుంది. ఆ స్కాన్లన్నీ పెద్ద ఫైళ్ళే, లేయర్లతో సహా, అంటే చేసిన మార్పులు పొరలు పొరలుగా విడిగా ఉంటాయి.

మాస్టారు ఆ గడి మీద మౌస్ పెట్టి, ఎప్పటిలాగే అడిగారు. దొరకవు మాస్టారూ అన్నాను. కాసేపు ఆ ఫోల్డర్ తెరిచి చూశారు. సైజు తగ్గిద్దామనో, జేపీజీలు చేసి లేయర్లు తీసేద్దామనో అనలేదు. "వీటికి చోటు కావాలంటే కొత్త డిస్కు కొను తల్లీ, వీటి జోలికి మాత్రం పోకు" అన్నారు. రెండు చోట్ల పెట్టించారు. ఒకటి షాపులో, ఒకటి మా ఇంట్లో. షాపులో దొంగతనమో, నిప్పో, వాననీళ్ళో వస్తే రెండు కాపీలూ ఒకేచోట ఉండి ఏం లాభం అన్నారు. మా కస్టమర్ల ఇళ్ళల్లోని పెద్దల ఫొటోల గురించి, వాళ్ళెవరో తెలియని మనిషి అంత పట్టించుకోవడం చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ ఊళ్ళో మా దగ్గర ఫ్రేమ్ కట్టించుకున్న ప్రతి ఇంటివాళ్ళ తరఫునా ఆయనకు దండం పెడుతున్నాను.

ముట్టుకోకూడనివీ చెప్పారు. విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అని ఒకటి చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఒకే ఫైలు రెండు చోట్ల లెక్కకి వస్తుంది కాబట్టి నిజంగా తినేది అంత ఉండదట. చేత్తో తీసేస్తే విండోసే పాడవుతుంది. ఇన్‌స్టాలర్ అన్న ఫోల్డర్ కూడా అంతే, ప్రోగ్రాంలు రిపేరు చేయాలన్నా తీసెయ్యాలన్నా అది ఉండాలి. హైబర్నేషన్ ఫైలు (సిస్టం నిద్రపోయేటప్పుడు తెరిచి ఉన్న పని దాచుకునేది) ఒక్కటి మాత్రం ఆపించారు, మేం ఎలాగూ రాత్రికి సిస్టం పూర్తిగా ఆపేసి వెళ్తాం కాబట్టి. 16 జీబీ ర్యామ్ ఉన్న మా సిస్టంలో దాంతో ఆరు జీబీ దాకా కలిసొచ్చింది.

256 అని కొన్న డిస్కు 238 చూపించడం ఏమిటని కూడా అడిగాను, ఎన్నాళ్ళ నుంచో ఉన్న అనుమానం. తయారుచేసేవాళ్ళు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, ఎవరూ మోసం చెయ్యలేదు అన్నారు.

మొత్తం కలిపితే 80 జీబీ దాటి ఖాళీ అయింది. ఒక్క ఫాంటు పోలేదు, ఒక్క కస్టమర్ ఫొటో పోలేదు, ఫార్మాట్ అవసరమే రాలేదు. పెళ్ళికూతురి నాన్నగారి ఆల్బమ్ ఆ సాయంత్రమే ప్రింటుకి పంపాం. అంతసేపూ విసుక్కోకుండా కూర్చున్నందుకు ఆయనకు కూడా కృతజ్ఞతలు. డబ్బులిస్తే మాస్టారు తీసుకోలేదు. మనవరాలి పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు తీసిపెట్టమన్నారు. అవి తీశాం, వాటికి మళ్ళీ డబ్బులు ఇవ్వబోయారు.

మన ఊళ్ళో స్టూడియోలు, డీటీపీలు, మీసేవలు నడిపేవాళ్ళెవరికైనా సీ డ్రైవ్ ఎర్రబడితే ఫార్మాట్ దాకా వెళ్ళకండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మా షాపులో రద్దీ ఉండదు, మాస్టారు నేర్పినదంతా దగ్గర కూర్చుని చూపిస్తాను. వచ్చేటప్పుడు ఖాళీగా ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి తెచ్చుకోండి, ముందు కాపీ తీసుకున్నాకే మిగతా పని.