నాన్న చేతి తరఫున మాట్లాడిన వాళ్ళకు

పోయిన వారం నాన్నకు కొత్త సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం, వచ్చింది. 62 శాతం, శాశ్వత వైకల్యం. ఆయన పెన్షన్ ఇక ఆగదు. ఈ కాగితం వెనక ఎంతమంది ఉన్నారో నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

మాది కోనసీమలో లంక ఊరు. నాన్న కొబ్బరి దింపు పని చేసేవారు. 2016లో చెట్టు మీంచి జారి ఎడమ భుజం మీద పడ్డారు. ఎముకేమీ విరగలేదు గానీ, మెడ దగ్గర్నుంచి చేతికి వెళ్ళే నరాలు మొదలు దగ్గరే తెగిపోయాయి. బ్రేకియల్ ప్లెక్సస్ గాయం అంటారట. అప్పట్నుంచీ భుజం లేవదు, మోచెయ్యి మడత పడదు. వేళ్ళు మాత్రం ఆడతాయి. చొక్కా వేసుకుంటే ఏ లోపమూ కనపడదు, మా కష్టమంతా అక్కడే వచ్చింది.

2025లో పెన్షన్ల పునఃపరిశీలనకు పిలిచారు. వేళ్ళు ముడవమంటే నాన్న ముడిచారు. చెయ్యెత్తమంటే కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని లేపారు. తొమ్మిదేళ్ళుగా ఆయనకు చెయ్యెత్తడమంటే అదే. అంత పెద్ద క్యూలో ఆ కుడిచేతిని ఎవరూ గమనించలేదు. ఆగస్టులో నోటీసు వచ్చింది, వైకల్యం 30 శాతమేనని, అదీ తాత్కాలికమేనని. 40 లేకపోతే పెన్షన్ లేదు. ఆ 6000 రూపాయల మీదే మా ఇంట్లో నెల గడుస్తుంది.

చూపిద్దామంటే పాత కాగితాలు లేవు. 2022 జూలైలో గోదావరి ఇంట్లోకి వచ్చినప్పుడు బీరువా అడుగు అరలోని ఫైలు నాని ముద్దయింది.

మా సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంట్ గారు ఆ రోజు అమ్మను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, అప్పీలు అర్జీ తనే రాసిపెట్టారు. "ఎంపీడీఓ ఆఫీసులో ఇది ఇవ్వండి. కానీ ఉట్టి చేతులతో మాత్రం మళ్ళీ డాక్టర్ల ముందుకు వెళ్ళకండమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను హైదరాబాద్ నుంచి సెలవు పెట్టి వచ్చాను.

కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) రికార్డు గదిలో పనిచేసే అన్నకు నేను చెప్పగలిగింది నాన్న పేరు, పడిన నెల, అంతే. ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు కూడా లేదు. రెండు రోజులు రిజిస్టర్లు తిరగేసి కేస్‌షీట్ బయటికి తీశారు. ఎమ్మారై రిపోర్టు నకలు కూడా అందులోనే ఉంది. అది చూసి అక్కడే ఏడ్చేశాను అన్నా, ఏమీ అనుకోవద్దు.

ఫిజియోథెరపిస్టు అక్క గురించి ఎంత చెప్పినా తక్కువే. నాన్న చొక్కా విప్పించి, కుడిచేతిని వెనక్కి పెట్టుకోమని, అప్పుడు ఎడమచెయ్యి ఎత్తమన్నారు. భుజం దగ్గర కండ కాస్త అదిరింది, చెయ్యి మాత్రం కదల్లేదు. కీలు ఎంత వంగుతుందో చూపే గోనియోమీటరు పెట్టి ఒక్కో కీలూ కొలిచారు. కండరాల బలానికి 0 నుంచి 5 దాకా గ్రేడ్లుంటాయట. నాన్న భుజానిది, మోచేతిదీ గ్రేడ్ 1. వైకల్యం లెక్కలో అది 80 శాతం బలం పోయినట్టని చెప్పారు. "జబ్బు పేరు రాస్తే సరిపోదమ్మా, ఏ కీలు ఎంత కదులుతుందో, ఏ పని చెయ్యలేరో రాయాలి" అంటూ రెండు పేజీలు రాసిచ్చారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

కండకు నరం నుంచి సంకేతం అందుతోందో లేదో చూసే ఈఎంజీ పరీక్ష చేసిన డాక్టరు గారికీ దండాలు. కండలోకి సన్నటి సూది గుచ్చి, చెయ్యి ఎత్తడానికి ప్రయత్నించమన్నారు. స్క్రీను మీద గీత దాదాపు తిన్నగానే ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ నరం తిరిగి రాదని ఆయన రిపోర్టులో రాసినందుకే "తాత్కాలికం" అన్న మాట పోయి "శాశ్వతం" వచ్చింది.

రెండోసారి పరీక్షించిన డాక్టరు గారు ఆ కాగితాలన్నీ కూర్చుని చదివారు. కొలతలు మళ్ళీ తనే తీసుకున్నారు. నాన్నతో "కుడిచెయ్యి సాయం తీసుకోకండి" అని ముందే చెప్పారు. ఆ మాటకు నాన్న నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను.

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మా చుట్టుపక్కల లంకల్లో వరదకు కాగితాలు పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. కేస్‌షీట్ కోసం అర్జీ ఎలా పెట్టాలో కావాలంటే మా ఇంటికి రండి, ఆదివారం దాకా ఊళ్ళోనే ఉంటాను.