‘జనం అడిగిందే ఇస్తున్నాం’ అంటే ఎలా?

సంపాదకులకు,

మొన్న ఆదివారం మీ టీవీ పేజీలో ‘జనం అడిగిందే ఇస్తున్నాం’ అన్న నిర్మాతల మాట మళ్లీ కనబడింది. అది చదివితే జర్మన్ తత్వవేత్త అడోర్నో గుర్తొచ్చాడు. నాజీల వల్ల జర్మనీ వదిలిన ఆయన 1938లో అమెరికా చేరి, సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ రేడియో పరిశోధనలో పనిచేశాడు. ఆ బృందం శ్రోతల చేతికి రెండు మీటలిచ్చేది: నచ్చితే ఆకుపచ్చ, నచ్చకపోతే ఎరుపు. అడోర్నోకు ఈ పద్ధతి మింగుడుపడలేదు. రోజూ ఒకే మూసలో పాటలు వినిపించి ఏం నచ్చిందని అడిగితే బయటపడేది అభిరుచా, అలవాటా? తర్వాత తోటి తత్వవేత్త హోర్క్‌హైమర్‌తో కలిసి రాసి 1947లో అచ్చువేసిన పుస్తకంలో, మనిషిని భయాల నుంచి విడిపించాల్సిన హేతుబుద్ధే మనిషిని అదుపుచేసే లెక్కగా మారిందని వాదించాడు.

నేను సీరియళ్లకు డైలాగులు రాసి బతికినవాణ్ని. గురువారం రేటింగ్ వచ్చేదాకా టెన్షనే. కోడలు ఉద్యోగానికెళ్లే సీన్లు రాస్తే అంకె పడిపోయింది. వెంటనే ఆమెను వంటింట్లోకి తిప్పి పంపాం. ఆ వారం వేరే ఛానల్లో క్రికెట్ ఉందేమోనని కూడా ఎవరూ చూడలేదు.

అయితే జాజ్ సంగీతాన్ని అడోర్నో అంత చులకన చేయడం నేనొప్పుకోను. వినేవాళ్లంతా మట్టిబొమ్మలు కారు. మా పక్కింటావిడ చిక్కుళ్లు ఒలుస్తూ సీరియల్ చూస్తూనే రచయితను తిట్టిపోసేది, ఆ రచయిత నేనేనని తెలిసి కూడా!

మీరు వారం వారం రేటింగుల పట్టిక వేస్తున్నారు కదా. ఎవరేం చూస్తున్నారో లెక్కకట్టే మీటర్లు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో కూడా దాని పక్కనే అచ్చువేయండి.

– ఒక విశ్రాంత సీరియల్ రచయిత, హైదరాబాద్